పేలింది సరే, ఏది పేలింది?

తమ్ముడూ,

అణు రియాక్టర్ ప్రమాదాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. కానీ మొదటి పేజీలోనే పేలింది, కరిగింది, లీకైంది అని మూడు మాటలు వరసగా దొర్లించేశావు. ఏది పేలింది? ఏది కరిగింది? ఎందులోంచి ఎందులోకి లీకైంది? మన భాషలో కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది, ఈ విషయంలో కొంప ముంచేది అదే. నా తొలి రోజుల్లో నేనూ "రియాక్టర్ అణుబాంబులా పేలింది" అని రాసి పారేశాను. ఒక రిటైర్డ్ ఇంజినీరు గారి నుంచి కార్డు వచ్చింది, అందులో ఉన్నది ఒకటే మాట: "ఏది?" సిగ్గేసింది. మామూలు విద్యుత్ రియాక్టర్ ఇంధనంలో సులువుగా చీలే రకం యురేనియం, అంటే యురేనియం-235, అయిదు శాతం లోపే ఉంటుంది, అది బాంబులా పేలే సరుకు కాదు.

ఇక నీ ఇస్త్రీపెట్టె పోలిక. స్విచ్ తీసేసినా కాసేపు వేడిగా ఉంటుందే, అలాగే రియాక్టర్ కూడా అన్నావు. వినడానికి బాగుంది, కానీ తప్పు. ఇస్త్రీపెట్టెలో ఉన్నది మిగిలిపోయిన వేడి, ఇక్కడ వేడి కొత్తగా పుడుతూనే ఉంటుంది. నియంత్రణ కడ్డీలు దిగగానే విచ్ఛిత్తి, అంటే పరమాణువులు చీలడం, ఆగిపోతుంది, నిజమే. కానీ అప్పటిదాకా చీలిన పరమాణువుల ముక్కలు వాటంతట అవి క్షయమవుతూ వేడినిస్తాయి. ఆపిన క్షణంలో అది పూర్తి వేడిలో ఆరేడు శాతం, ఒక రోజు గడిచేసరికి అరశాతం చిల్లర. అరశాతమేగా అనుకోకు. మూడు వేల మెగావాట్ల వేడి పుట్టించే రియాక్టర్లో అరశాతమంటే పదిహేను మెగావాట్లు, దానికి స్విచ్ లేదు. నీళ్లు పోస్తూ ఉండడం ఒక్కటే దారి.

ఆ నీళ్లు ఆగితే ఏమవుతుందో రాసేటప్పుడు తొందరపడకు, కథంతా అక్కడే ఉంది. ఇంధన కడ్డీల చుట్టూ ఉన్న నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంది, పైకి తేలిన భాగం ఎర్రబడుతుంది. సుమారు 1200 డిగ్రీలు దాటాక ఇంధనపు జిర్కోనియం తొడుగు ఆవిరితో జోరుగా కలిసిపోతూ, తన వంతు వేడిని కూడా కలుపుతూ, హైడ్రోజన్‌ని వదులుతుంది. యురేనియం ఆక్సైడ్ ఒంటరిగా అయితే కరగడానికి 2800 డిగ్రీల పైచిలుకు కావాలి, కానీ కరిగిన జిర్కోనియం తగిలితే అంతకన్నా తక్కువలోనే కరగడం మొదలుపెడుతుంది. ఇంధనం, తొడుగు, ఉక్కు అన్నీ కలిసి లావాలాంటి ముద్దవుతాయి, దాని పేరు కోరియం. నీ వాక్యంలో "కరిగింది" అన్న మాటకి కర్త ఇదన్నమాట, "రియాక్టర్" కాదు.

ఆ ముద్ద భూమిని తొలుచుకుంటూ అవతలి వైపుకి పోతుందని నువ్వు చివర్లో భయపెట్టావు చూడు, అది కొట్టెయ్. కోరియం కాంక్రీటు మీద పడితే కాంక్రీటు కరిగి అందులోనే కలిసిపోతుంది. ముద్ద పెరుగుతుంది, పలచబడుతుంది, వెడల్పుగా పరుచుకుంటుంది, అదే వేడి ఎక్కువ మేర మీదికి చెదిరిపోతుంది, పైగా క్షయం వేడి రోజురోజుకీ తగ్గుతూ ఉంటుంది. తిన్న కాంక్రీటే దాన్ని చల్లారుస్తుంది అనొచ్చు. కాకపోతే తినేటప్పుడు ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మండే వాయువులు బయటికొచ్చి, రియాక్టర్ చుట్టూ కట్టే బిగుతైన గట్టి గూడు, అంటే కంటైన్‌మెంట్ లోపల ఒత్తిడి పెంచుతాయి. అసలు భయం కింద నేల గురించి కాదు, ఆ ఒత్తిడి గురించి. అందుకే కొన్ని కొత్త డిజైన్లలో కోరియం పడితే పట్టుకోవడానికి కిందే ఏర్పాటు ఉంటుంది. చైనాలోని తియాన్‌వాన్ రియాక్టర్ల అడుగున అలాంటిదే కట్టారు.

ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్‌లో ముద్ద ఎక్కడిదాకా పోయిందో తెలుసుగా? 1986 ఏప్రిల్ 26 ప్రమాదం తర్వాత కొన్ని రోజులపాటు అది రియాక్టర్ కింది గదుల్లోకి, ఆవిరి పైపుల్లోకి కారి, అక్కడే గడ్డకట్టింది. దానికింద గని కార్మికులు సొరంగం తవ్వి ఒక చల్లబరిచే వేదిక కట్టారు, ముద్ద అక్కడిదాకా రానేలేదు. ఆ ఏడాది చివర్లో దొరికిన ఒక గడ్డకి ఏనుగు పాదం అని పేరు పెట్టారు. దాని నుంచి ముక్క తీయడానికి తుపాకీతో కాల్చాల్సి వచ్చింది, అంత గట్టి. తర్వాతి ఏళ్లలో అదే గడ్డ పగుళ్లిచ్చి పొడి రాలుస్తోంది. గట్టిగా ఉన్నప్పటికన్నా ధూళిగా మారినప్పుడే దాంతో తంటా ఎక్కువ, గాలిలో లేస్తుంది కాబట్టి. అక్కడ అసలైన కంటైన్‌మెంట్ కట్టడమే లేదు, అది మర్చిపోకు. 1986 నవంబరుకల్లా హడావుడిగా కట్టిన కాంక్రీటు సమాధి, దాని మీదికి 2016లో పట్టాల మీద నెట్టుకొచ్చిన 108 మీటర్ల ఎత్తు ఉక్కు తోరణం, ఈ రెండూ ప్రమాదం తర్వాత తొడిగిన కప్పులు. 2025 ఫిబ్రవరిలో డ్రోన్ తగిలి ఆ తోరణానికీ రంధ్రం పడింది.

జపాన్‌లోని ఫుకుషిమా గురించిన పేరాలో "కంటైన్‌మెంట్ పేలిపోయింది" అని రాశావు. కాదు. అక్కడ కంటైన్‌మెంట్ లోపల నైట్రోజన్ నింపి ఉంచుతారు కాబట్టి హైడ్రోజన్ మండడానికి లోపల ఆక్సిజన్ లేదు. ఒత్తిడికి అది సందుల్లోంచి భవనం పై అంతస్తుల్లోకి జారుకుని, అక్కడి మామూలు గాలిలో అంటుకుంది. 2011 మార్చి 12న ఒకటో యూనిట్, 14న మూడోది. 15న పేలిన నాలుగో యూనిట్ రియాక్టర్‌లో ఆ రోజు ఇంధనమే లేదు, మూడో యూనిట్ నుంచి గొట్టాల దారిన వచ్చిన హైడ్రోజన్ పని అది. పేలింది ఒక చోట, కరిగింది ఇంకో చోట! ఈ ఒక్క ముక్క సరిగ్గా రాస్తే పాఠకుడు నీ వెంట వస్తాడు.

ఇంకో మాట, నాకు అన్నిటికన్నా నచ్చేది. ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్నది కూడా రాయి. అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో 1979 మార్చి 28న ప్రమాదం జరిగితే, లోపలికి కెమెరా దించింది 1982లో. ఇంధనం ఉండాల్సిన పైభాగంలో సుమారు అయిదడుగుల మేర ఖాళీ కనిపించింది. రియాక్టర్ పాత్ర అడుగున ఇరవై టన్నుల దాకా కరిగి పేరుకుందని తేలడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. కోర్‌లో, అంటే రియాక్టర్ లోపలి ఇంధన భాగంలో, దాదాపు సగం కరిగినా ఆ ఉక్కు పాత్ర మాత్రం చిల్లు పడలేదు. ప్రమాదం రోజున కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకి ఇదంతా తెలిసినట్టు నువ్వు రాశావు. వాళ్ల టెన్షన్ అంతా తెలియకపోవడంలోనే ఉంది.

ఫుకుషిమా ఇంకా ఆ దశలోనే ఉంది. మూడు యూనిట్లలో కలిపి కరిగి గడ్డకట్టిన శిథిల ఇంధనం 880 టన్నులు ఉంటుందని అంచనా. 2024 ఆగస్టులో రెండో యూనిట్‌లోకి పొడవాటి గొట్టంలాంటి పరికరం పంపబోతే, దాన్ని నెట్టే పైపులు తప్పు వరుసలో పేర్చారని మొదటి రోజే పని ఆపేశారు. సెప్టెంబరులో కెమెరాలు పనిచేయడం మానేశాయి. నవంబరులో ఎట్టకేలకు ఒక ముక్క బయటికి తెచ్చారు. దాని బరువు 0.7 గ్రాములు. నువ్వు ఈ పైపుల సంగతి ఎక్కడో చివర ఒక్క లైన్లో తేల్చేసి, పేలుడుకి రెండు పేజీలిచ్చావు. తారుమారు చెయ్.

పది రోజుల్లో పంపు. ఈసారి ప్రతి క్రియ పక్కన మార్జిన్‌లో దాని కర్తని పెన్సిల్‌తో రాసుకుని మరీ పంపు, ఖాళీగా ఉన్నవి నేను ఎర్ర ఇంకుతో చుడతాను.

మీ అన్నయ్య