పెళ్లి వీడియోల మిక్సింగ్‌కి ఏ సిస్టమ్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

స్టూడియోలో కెమెరా పని నేర్చుకున్నానని, ఇక ఇంట్లోనే మిక్సింగ్ పెట్టుకోవాలని ఉందని, చేతిలో 80 వేలు ఉన్నాయని రాశారు. షాపతను గేమింగ్ సిస్టమ్ తీసుకోమంటున్నాడు, తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. నేను నరసరావుపేటలో చాలా ఏళ్లుగా పెళ్లి వీడియోలే ఎడిట్ చేస్తున్నాను. అందుకని ఆ పనికి పనికొచ్చే మాటే చెబుతాను. సినిమా కలరింగ్, త్రీడీ గ్రాఫిక్స్ లెక్కలు వేరు.

సిస్టమ్ సంగతి తర్వాత. ముందు మీ కెమెరా ఎలాంటి ఫైల్ ఇస్తుందో చూడండి. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఏమిటో మాత్రం రాసి పెట్టుకుని ఫైలు చిన్నది చేస్తుంది. టైమ్‌లైన్ మీద మీరు ప్లే నొక్కిన ప్రతిసారీ సిస్టమ్ అదంతా విప్పుకోవాలి. హెచ్.264, హెచ్.265 అనేవి అలా కుదించే పద్ధతుల పేర్లు; బిట్ల సంఖ్య పెరిగితే రంగుల వివరం పెరుగుతుంది. మామూలు 8 బిట్ హెచ్.264 ఫైళ్లయితే ఇప్పుడొచ్చే ఏ సిస్టమైనా విప్పుతుంది. కెనన్ ఆర్6లో సీ-లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా తీసే పద్ధతి) ఆన్ చేశారనుకోండి, రంగుల వివరం ఎక్కువుండే 4:2:2 10 బిట్ హెచ్.265 వస్తుంది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ కూడా దాని దగ్గర ఆగి ఆగి నడవడం నేను చూశాను. ఎందుకంటే ఎన్‌విడియా కార్డుల్లో ఈ రకం ఫైలుని నేరుగా విప్పే సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్‌లో మాత్రం క్విక్ సింక్ పేరుతో డెస్క్‌టాప్‌లకు 11వ తరం నుంచే ఉంది.

షాపతని కొటేషన్ మళ్లీ ఒకసారి తీసి చూడండి. ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అనే అక్షరం ఉందా? 12400 వేరు, 12400ఎఫ్ వేరు. ఎఫ్ ఉన్నదాంట్లో ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. ఆటలు ఆడేవాళ్లకి దాంతో పని లేదు, ఎలాగూ కార్డు పెట్టుకుంటారు. అందుకే గేమింగ్ సిస్టమ్‌లలో ఎఫ్ రకం ఎక్కువగా కనిపిస్తుంది. షాపతను మోసం చేస్తున్నాడని కాదు, అతనికి మన పని తెలియదు, అంతే.

మీ డబ్బుకి నేనైతే ఎఫ్ లేని ఐ5 తీసుకుని, గ్రాఫిక్స్ కార్డు ప్రస్తుతానికి పక్కన పెడతాను. ర్యామ్ 32 జీబీ ఉంటే హాయి. కుదరకపోతే 16 జీబీ స్టిక్ ఒక్కటే వేయించి రెండో స్లాట్ ఖాళీగా ఉంచమనండి. విండోస్‌కీ, నడుస్తున్న పెళ్లికీ వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, అయిపోయిన పెళ్లిళ్లకి పెద్ద హార్డ్ డిస్క్. డిస్కు విషయంలో అందరూ తక్కువ అంచనా వేస్తారు. 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) దగ్గర 4కే తీస్తే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ, డ్రోన్ కాకుండానే. అదీ ఒక్క రోజుకి. పెళ్లికూతుర్ని చేయడం, రిసెప్షన్ కలిపితే ఇంకెంతవుతుందో చూసుకోండి. పైగా జీలకర్రబెల్లం ఇంకోసారి తీయలేం కదా, రెండో కాపీ మరో డిస్కులో ఉండాల్సిందే.

ల్యాప్‌టాప్ నేను వద్దంటాను. పల్నాడు ఎండలు మీకు తెలియనివి కావు. వైశాఖ ముహూర్తాల పని మీద పడేది సరిగ్గా అప్పుడే. వేడెక్కితే ల్యాప్‌టాప్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ మర్చిపోకండి, ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే ఆ టెన్షన్ వేరు. 2024 చివర్లో వచ్చిన ఎం4 మాక్ మినీ కూడా ఈ ఫైళ్లకు బాగుంటుంది. కానీ దాని ర్యామ్ తర్వాత పెంచుకోలేం, తక్కువ మోడల్లో డిస్కు 256 జీబీయే. పైగా మన పెళ్లి వీడియోల వాళ్లు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ దాంట్లో నడవదు.

ఎడియస్ మాట వచ్చింది కాబట్టి సాఫ్ట్‌వేర్ గురించి. మీరు వేరే స్టూడియోల పని తీసుకునేట్టయితే వాళ్లు ఏది వాడుతున్నారో అదే ముందు నేర్చుకోండి. మా వైపు ట్రెడిషనల్ వీడియో అంటే ఇప్పటికీ ఎడియసే. సాంగ్ ప్రాజెక్టులు (పాటకి తగ్గట్టు ముందే తయారుచేసి ఉంచినవి, మన క్లిప్పులు పెట్టుకుంటే చాలు) దానికే దొరుకుతాయి, క్విక్ సింక్‌ని కూడా బాగా వాడుకుంటుంది. లైసెన్స్ ఒకసారి కొంటే చాలు, అడోబీ ప్రీమియర్‌లాగా నెలనెలా కట్టే పని లేదు. క్రాక్ వెర్షన్ జోలికి మాత్రం పోవద్దు, సీజన్ మధ్యలో అది తెరుచుకోకపోతే ఎవర్ని అడుగుతారు?

సొంతంగా టీజర్లు, యూట్యూబ్ అనుకుంటే డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టండి. 4కే అవుట్‌పుట్ వస్తుంది, కలరింగ్‌లో దానికి సాటి లేదు. అయితే ఉచిత వెర్షన్ విండోస్‌లో పైన చెప్పిన 10 బిట్ ఫైళ్ల దగ్గర మొరాయిస్తుంది, లినక్స్‌లోనైతే హెచ్.264 ఫైలునే తెరవదు. 295 డాలర్ల స్టూడియో వెర్షన్ కొనేదాకా పెళ్లిళ్లు 8 బిట్‌లోనే తీయండి, పెళ్లివారికి తేడా తెలియదు.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా కొనేముందు ట్రయల్‌లో తెలుగు టైటిల్ కొట్టి చూడండి. ‘శ్రీలక్ష్మి’ అని యూనికోడ్‌లో కొడితే ఒత్తులు విడిపోతున్నాయా? ప్రీమియర్‌లో అయితే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే సరిపోతుంది. అలాంటి దారి లేనిచోట ఫొటోషాప్‌లో టైటిల్ చేసి పీఎన్‌జీగా తెచ్చుకోండి. మాలో చాలామంది అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) నడిపిస్తారు, అదీ పనిచేస్తుంది.

మీ కెమెరా మోడల్ రాయలేదు. అది చెబితే ప్రాసెసర్ నంబరుతో సహా చెప్పగలను.