నొప్పుల పొడి సీజ్ చేశారని ఒక్కసారిగా మాన్పించాం, ఇప్పుడు అత్తయ్యగారు మంచం దిగట్లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారండీ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పులకి ఎనిమిది నెలలుగా ఒక మూలికల పొడి వాడుతున్నారు. మొదలుపెట్టిన నాలుగో రోజుకే లేచి చకచకా నడిచారు, ఆకలి పెరిగింది, ఒళ్లు కూడా చేశారు. ఈమధ్య ఆ పొడి అమ్మే షాపు మీద అధికారులు దాడి చేసి డబ్బాలన్నీ సీజ్ చేశారు. అందులో ఏదో కలుపుతున్నారని తెలిసి మా వారు భయపడి ఆ రోజే మాన్పించేశారు. వారం నుంచి ఆవిడకి నీరసం, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నొప్పులు కూడా మళ్లీ వచ్చేశాయి. ఇంట్లో ఇంకా రెండు డబ్బాలున్నాయి. మూలికలకి సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి, ఇదంతా ఇంగ్లీషు మందుల కంపెనీలు చేయిస్తున్న పని, మళ్లీ మొదలుపెట్టండి అంటున్నారు మా చినమామయ్యగారు. ఆయనా అదే వాడుతున్నారు. మొదలుపెట్టొచ్చా? – ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: చూడమ్మా, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు, ముందు మీ అత్తయ్యగారిని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు ఆదివారం, ఎల్లుండి అమావాస్య అని ఆగొద్దు. అమలాపురంలో ఫిజీషియన్ ఎవరున్నా సరే, లేదంటే కాకినాడ జీజీహెచ్‌. వాంతులు ఆగకపోయినా, మనిషి మగతగా ఉన్నా, బీపీ బాగా పడిపోయినా 108కి ఫోన్ చేయండి. వెళ్లగానే డాక్టరుకి ఒక్క మాట చెప్పండి: "ఎనిమిది నెలలు నొప్పుల పొడి వాడి ఒక్కసారిగా ఆపేశాం, అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానం." ఈ మాట చెప్పకపోతే వాంతులు, నీరసం చూసి గ్యాస్ అనో, ఎండదెబ్బ అనో ఒక సెలైన్ పెట్టి ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది.

నాకెందుకు అనుమానం వచ్చిందో చెప్తాను. అరిగిపోయిన మోకాలికి ఏ మూలికా నాలుగు రోజుల్లో అంత గుణం చూపించదు. నాలుగు రోజుల్లో లేచి నడిచారు, ఆకలి పెరిగింది, ఒళ్లు చేశారు అని మీరు రాశారు చూడండి, ఈ మూడూ కలిసి వచ్చాయంటే మాకు మొదట గుర్తొచ్చేది డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లే. ఆవిడ ముఖం గుండ్రంగా ఉబ్బిందా, మెడ వెనక కొవ్వు పేరుకుందా, చిన్న దెబ్బకే చర్మం కమిలి నల్లబడుతోందా, ఈ ఎనిమిది నెలల్లో షుగర్ మాత్రలు పెంచాల్సి వచ్చిందా, గుర్తు చేసుకోండి. అవునంటే అనుమానం ఇంకా బలపడుతుంది. పొడిలో ఏముందో ఖాయంగా చెప్పాల్సింది ల్యాబ్ రిపోర్టే, కానీ ఆ రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆగకూడదు.

మన కిడ్నీల పైన చిన్న గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులంటారు. ఒంటికి కావలసిన కార్టిసాల్ అనే హార్మోన్ రోజూ అవే తయారుచేస్తాయి. బయటినుంచి స్టెరాయిడ్ నెలల తరబడి వస్తుంటే అవి పని మానేసి ముడుచుకుపోతాయి. బోరు నీళ్లు వస్తున్నాయి కదా అని పంట కాలవ పూడిక తీయకుండా వదిలేశామనుకోండి, బోరు చెడిపోయిన రోజున లాకులెత్తినా నీళ్లు చేలోకి రావు, ఇదీ అంతే. పొడి ఆపేశారు, గ్రంథి ఇంకా లేవలేదు, అందుకే బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం, వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం. పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. సకాలంలో హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్) ఇంజెక్షన్, సెలైన్ పడితే మాత్రం చాలామంది గంటల్లోనే తేరుకుంటారు.

ఆసుపత్రిలో పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూస్తారు, షుగర్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చేస్తారు, వీలైతే పొద్దున్న 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష. మనిషి పరిస్థితి బాగోలేకపోతే రిపోర్టుల కోసం ఆగరు, ముందు ఇంజెక్షన్ ఇచ్చేస్తారు, అదే సరైన పద్ధతి. తర్వాత తెలిసిన మందుని తెలిసిన మోతాదులో ఇచ్చి వారాల మీద, కొందరికి నెలల మీద, మెల్లమెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ ప్రమాదం అని చెప్పి మళ్లీ స్టెరాయిడే ఇస్తున్నారేంటని మీవారు గొడవపడతారేమో, ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి. అక్కడినుంచి కనీసం ఏడాదిపాటు పెద్ద జ్వరం వచ్చినా, పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అన్నా ఈ సంగతి ఆ డాక్టరుకి చెప్పి తీరాలి, ఎందుకంటే ఒంటికి కష్టం వచ్చినప్పుడు కార్టిసాల్ మామూలు కంటే ఎక్కువ కావాలి.

ఇక మీరడిగింది, ఆ రెండు డబ్బాలు. మొదలుపెట్టొద్దు. ఇలాంటి పొళ్లలో ఒక డబ్బాలో ఉన్న మోతాదు ఇంకో డబ్బాలో ఉండదు, చెంచాకి ఎంత పడుతోందో కలిపినవాడికే తెలియదు. అలాగని కాలవలో పారేయకండి (మనవాళ్లకి ఏది వద్దనుకున్నా ముందు కనిపించేది కాలవే). ఒక డబ్బా డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్లండి, రెండోది మూత తీయకుండా కవర్లో పెట్టి ఉంచండి. లేబుల్ నాలుగు వైపులా ఫోటో తీయండి, బిల్లు లేకపోతే ఫోన్‌పేలో డబ్బు కట్టిన మెసేజ్ అయినా దాచండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి అవి పనికొస్తాయి. మందు వల్ల హాని జరిగిందని మామూలు మనుషులు కూడా ఫిర్యాదు చేయొచ్చు, కేంద్రం నడిపే ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.

చినమామయ్యగారికి కూడా ఒక మాట. ఆయన ఇంకా వాడుతున్నారు కాబట్టి "వెంటనే ఆపేయండి" అని ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, మీ అత్తయ్యగారికి జరిగిందే ఆయనకీ జరగొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఆయన్నీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టండి, ఎలా ఆపాలో అక్కడ చెప్తారు. ఇంగ్లీషు కంపెనీల కుట్ర అంటున్నారు కదా, నా అనుమానం నిజమైతే ఇన్నాళ్లూ వీళ్లిద్దరూ తిన్నది ఇంగ్లీషు మందే, పేరు చెప్పకుండా, మోతాదు రాయకుండా, మూలికల రంగు పూసి అమ్మారు. అసలు సీజ్ చేయడమనేది ఆయుర్వేదానికే జరిగేది కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోతే ఆ సిరప్‌ని రాష్ట్రాలకి రాష్ట్రాలే నిషేధించాయి, అది ఫక్తు ఇంగ్లీషు మందు.

చట్టం గురించి కూడా కొంచెం తెలుసుకోండి, ఎందుకంటే మోసం ఎక్కడినుంచి దూరుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఆయుర్వేద మందు తయారుచేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. అమ్మడానికి మాత్రం మెడికల్ షాపుకి ఉన్నట్టు ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఇవి కిరాణా కొట్లో, ఫ్యాన్సీ షాపులో, సంతలో, బస్టాండులో ఎక్కడైనా దొరుకుతాయి. నిజమైన ఆయుర్వేద మందు డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, ఏమేం కలిపారో ఆ వివరాలు ఉండాలి. ఇంకో దారి ఫుడ్ సప్లిమెంట్. అదే పొడికి ఆయుర్వేద లైసెన్సు బదులు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు తీసుకుని ఆహారం కింద అమ్ముతారు. 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి డబ్బా మీద "ఔషధంగా వాడటానికి కాదు" అన్న అర్థంలో ఒక మాట ఇంగ్లీషులో రాయాలి. రాస్తారు, చీమ తలకాయంత అక్షరాల్లో. ముందు వైపు మోకాలి బొమ్మ, వెనక ఆ మాట. ఆహారం లైసెన్సు పెట్టుకుని నొప్పులు తగ్గిస్తానన్నాడంటే అక్కడే నిబంధన దాటినట్టు, లోపల ఏముందో చూడక్కర్లేకుండానే.

ప్రకటనలకి వేరే చట్టం ఉంది, 1954 నాటిది. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, కీళ్లవాతం, కిడ్నీలో రాళ్లు, స్థూలకాయం, ఇలా 54 రకాల జబ్బులకి మా మందుతో నయమవుతుందని ప్రచారం చేయకూడదని అందులో జాబితాయే ఉంది. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు గత కొన్నేళ్లుగా ఇలాంటి లేబుళ్లున్న మూలికల మందులు చాలాచోట్ల సీజ్ చేస్తూ వచ్చింది ఈ చట్టం చూపించే. ఇంత పాత చట్టం ఉన్నా కేబుల్ టీవీలో పొద్దున్నే ఆ ప్రకటనలే వస్తుంటాయి, అది వేరే కథ.

కల్తీ లేకపోతే మూలికలు పూర్తిగా క్షేమమా అంటే, అదీ కాదు. పాముకాటుకని మనవైపు కొందరు చెప్పే ఈశ్వరి వేరు తీసుకోండి, ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మందుల్లో ఆ జాతి చైనా మొక్క ఒకటి కలిసి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఎఫెడ్రా అనే మూలిక ఉన్న సప్లిమెంట్లని అమెరికా 2004లో నిషేధించింది, గుండె మీద, బీపీ మీద దాని ప్రభావం చూసి. కరోనా రోజుల్లో మనందరం తాగిన తిప్పతీగ సంగతీ ఉంది: అది వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలని మన దేశంలోనే 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 2022లో ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన వేరే తీగతో పొరపాటు పడుతున్నారని ఆయుష్ శాఖ అంటుంది. ఆ వాదన ఎలా తేలినా, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసేవి) ఉన్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా రోజూ తాగొద్దనే నేను చెప్తాను. సీసం, పాదరసం సంగతి సరేసరి. బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 డబ్బాల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికిందని 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది.

వాడేవాళ్లని మాత్రం నేను తప్పు పట్టను. కొబ్బరి దింపుకి ఎక్కేవాళ్లు, నాట్లకి వంగి వంగి నడుము పోయినవాళ్లు, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లు, ఒకరోజు పనికి వెళ్లకపోతే కూలి పోతుంది, నాలుగు రోజుల్లో లేపి నిలబెట్టే పొడి వాళ్లకి దేవుడిచ్చినట్టే ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే "నొప్పి ఇంజెక్షన్" కూడా చాలాసార్లు ఇదే సరుకు. ఆయుర్వేదమే కావాలంటే బీఏఎంఎస్ చదివి రిజిస్టరైన వైద్యుడి దగ్గరికి వెళ్లండి, మందు పేరూ మోతాదూ కాగితం మీద రాసి ఇస్తారు. విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించుకోవచ్చు.

మోకాళ్ల విషయానికొస్తే, ఈ నీరసం తగ్గి మనిషి కుదుటపడ్డాకే వాటి సంగతి చూడాలి. నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి, పడుకోబెట్టి తీస్తే అరుగుదల సరిగ్గా తెలియదు. తొడ ముందు కండరం గట్టిపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ చేయించండి, పెరిగిన బరువులో నాలుగైదు కిలోలు తగ్గినా తేడా కనిపిస్తుంది. పీట మీద కూర్చుని కూరగాయలు తరగడం మాన్పించి కుర్చీ వేయండి, బాత్రూమ్‌లో వెస్ట్రన్ కమోడ్ పెట్టించగలిగితే ఇంకా మంచిది. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, పైపూతకి డైక్లోఫెనాక్ జెల్ సరిపోవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పెయిన్‌కిల్లర్ మాత్రలు మాత్రం వద్దు, షుగర్ ఉన్న మనిషి, కిడ్నీలు చూసుకోవాలి. ఎనిమిది నెలల స్టెరాయిడ్ అనుమానం ఉంది కాబట్టి ఎముకల బలం చూసే డెక్సా స్కాన్, శుక్లాలూ కంటి ప్రెజరూ చూసే కంటి పరీక్ష, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. ఒక జాగ్రత్త, స్టెరాయిడ్ తగ్గిస్తూ వస్తుంటే షుగర్ కూడా తగ్గుతుంది, మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టొచ్చు, కాబట్టి ఆ రోజుల్లో గ్లూకోమీటర్ ఇంట్లో ఉంచుకుని పొద్దున్నా సాయంత్రం చూసి, ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి డాక్టరుకి చూపిస్తూ ఉండండి.