సీమంతమా, సీమాంతమా?

సందేహం: శరీరశాస్త్ర పాఠంలో పుర్రె ఎముకల అతుకులను సుశ్రుతుడు 'సీమంతాలు' అన్నాడని రాశారు. సీమ, అంతం కలిస్తే సీమాంతం కదా! అచ్చుతప్పేనా? పుర్రె, కపాలం ఒకటేనా? – ఒక పాఠకుడు

సమాధానం: అచ్చుతప్పు కాదు. సవర్ణదీర్ఘం దగ్గరే ఆగిపోయి శకంధ్వాదుల (ఆ సంధికి లొంగని మాటల పట్టిక) జోలికి పోనివారికి ఈ అనుమానం రాక తప్పదు. కులట, మనీష ఏ దారిన వచ్చాయో సీమంతమూ ఆ పరరూపపు దారినే, అంటే రెండు అచ్చులు కలిసినచోట రెండోదే మిగిలే దారినే, వచ్చింది. అయితే సంస్కృత వ్యాకర్తలు ఓ మెలిక పెట్టారు: 'సీమంతః కేశవేశే'. పాపట అయితేనే సీమంతం; మిగతా హద్దులన్నీ సీమాంతాలే. పద్యాల్లో కనబడే సీమంతిని ఆ పాపట గల ఆమే. (పాపట సంగతి మరిచి ఆ మాటను ఉత్త 'స్త్రీ'గా వాడేసిన కవులూ తక్కువేం కాదు.)

మరి ఎముకకు పాపటేమిటి? అసలు చిక్కు ఇక్కడుంది. నడినెత్తిన పాపట తీసే చోట, సరిగ్గా దాని అడుగునే, తలకు చెరో పక్కా ఉండే రెండు పార్శ్వకపాలాస్థులు కలిసే అతుకు ముందునుంచి వెనక్కి సాగుతుంది. పైగీత పేరు అడుగు గీతకు దిగి, ఆనక మిగతా అతుకులకూ పాకిందని నా ఊహ. సుశ్రుతసంహిత శారీరస్థానం తలలోని అయిదు సంధులను సీమంతాలని మర్మాల్లో చేర్చింది. వాటికి దెబ్బ తగిలితే ఉన్మాదం, భయం, చిత్తనాశం కలిగి మరణం అంటుంది. ఇప్పటి పుస్తకాల్లోనూ ముఖ్యమైన అతుకులు నుదుటి ఎముక వెనక ఒకటి, నడినెత్తిన ఒకటి, వెనకతల దగ్గర ఒకటి, కణతల పైన చెరొకటి. లెక్క కుదిరిందని చంకలు గుద్దుకునేవారున్నారు. సుశ్రుతుడు లెక్కించినవి ఇవేనని నేను ప్రమాణం చేయను.

ఆ గ్రంథంలోనే తలకు అయిదు 'సేవను'లూ చెప్పారు. సివ్ ధాతువు, అంటే కుట్టడం. పళ్లుపళ్లుగా ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న ఆ ఎముకల అంచులు చూస్తే ఆ పేరు ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇంత మాట ఇంట్లో పెట్టుకుని మనవాళ్లు 'సూచర్లు' అని రాసి మురిసిపోతారు! ఆ సూచరూ లాటిన్‌లో కుట్టడం నుంచి పుట్టిందే, మన సివ్‌కు దూరపు చుట్టమే.

కాబట్టి పాఠంలో సీమంతం ఉండనివ్వండి. ఎవరైనా కేశవేశే అన్న నియమం చూపి సీమాంతమే అని పట్టుబడితే నేను అడ్డుపడను. కొత్తగా తెలుగులో రాసేవారికి మాత్రం కుట్టు, అతుకు చాలవా?

ఇక రెండోది. వాడుకలో పుర్రె, కపాలం ఒకటే. శాస్త్రం రాసేటప్పుడు మెదడును కప్పే 8 ఎముకల డొప్పను కపాలమనీ, ముఖపు 14 ఎముకలనూ కలిపి మొత్తం 22ను పుర్రె అనీ విడదీస్తే మేలు. కపాలానికి కుండపెంకు అనే అర్థమూ ఉంది. కపోలం వేరు, అది చెంప. 'కపోలం చిట్లి మెదడు బయటపడింది' అని రాసేవారు ఒకసారి తమ చెంప తడిమి చూసుకోవాలి.