ప్యాకేజీలో డిఫాల్టు సెట్టింగులు ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: ఓటీపీ పంపే చిన్న జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) యాప్‌ను ప్యాకేజీగా చేసి మూడు ప్రాజెక్టులలో వాడుతున్నాను. గడువు, అంకెల సంఖ్య వంటి సెట్టింగులన్నిటినీ ప్రతి ప్రాజెక్టులోకీ కాపీ చేయవలసి వస్తోంది; ఒకటి మరచిపోయినా సైటు ఆగిపోతోంది. ఫైలు మొదట్లోనే గెట్‌ఆట్ర్‌తో (సెట్టింగు ఉంటే దాని విలువను, లేకపోతే మనమిచ్చిన విలువను తీసుకునే పైథాన్ ఫంక్షన్) డిఫాల్టు ఇచ్చి చూశాను కానీ, టెస్టులో గడువు మార్చినా పాత 300 సెకన్లే వస్తున్నాయి. సరైన పద్ధతి ఏమిటి?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గెట్‌ఆట్ర్ వాడడంలో తప్పు లేదు, దాన్ని పెట్టిన చోటులోనే ఉంది. ఫైలు మొదట్లో రాసిన వరుస, ఆ ఫైలు ఇంపోర్ట్ అయినప్పుడు ఒక్కసారే నడుస్తుంది. అప్పుడు దొరికిన 300 ఒక పేరులో నిలిచిపోతుంది కనుక, ఆ తరువాత టెస్టులో, సెట్టింగును తాత్కాలికంగా మార్చే ఓవర్‌రైడ్ సెట్టింగ్స్‌తో ఏం మార్చినా ఆ పేరుకు తెలియదు. అదే వరుసను ఒక ఫంక్షన్ లోపల పెట్టి, ఓటీపీని సరిచూసే క్షణంలో పిలిస్తే మీ టెస్టు సమస్య తీరిపోతుంది.

జాంగో తన సొంత డిఫాల్టులను గ్లోబల్ సెట్టింగ్స్ అనే ఒకే ఫైలులో ఉంచుకుంటుంది గానీ, యాప్‌లు తమవి చేర్చుకునేందుకు అలాంటి ఏర్పాటు ఇవ్వలేదు. అందువల్ల ప్యాకేజీలోనే కాన్ఫ్ అనే ఫైలు పెట్టి, డిఫాల్టులన్నీ ఒక డిక్షనరీగా అక్కడ రాయండి. ప్రాజెక్టు తరఫున కూడా ఒకే డిక్షనరీ అడగండి, అందులో లేని కీకి మాత్రమే మీ విలువ వర్తించాలి. ఏపీఐలు రాయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ ప్యాకేజీ చేసేది ఇదే: విలువలను ఒకసారి చదివి దాచుకుంటుంది, సెట్టింగు మారిందన్న సిగ్నల్ రాగానే దాచినవి వదిలేసి మళ్ళీ చదువుకుంటుంది. అయితే డిక్షనరీలో కీ స్పెల్లింగ్ తప్పితే ఎవరూ అడగరు, చడీచప్పుడు లేకుండా డిఫాల్టే నడిచిపోతుంది. తెలియని కీ కనిపిస్తే ఎర్రర్ చూపే సిస్టమ్ చెక్ (జాంగో తానే నడిపే తనిఖీ) ఒకటి రాయండి. 2014లో వచ్చిన జాంగో 1.7 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. ఎస్ఎమ్ఎస్ గేట్‌వే కీకి మాత్రం డిఫాల్టు ఇవ్వనే ఇవ్వకండి. అది లేనప్పుడు సైటు మొదలవకుండా ఆగిపోవడమే మంచిది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది మరొకటి ఉంది, ఎందుకంటే ఓటీపీ ప్యాకేజీలో ఇది తప్పక ఎదురవుతుంది. అంకెల సంఖ్యను సెట్టింగు నుంచి తీసుకుని మోడల్‌లోని మ్యాక్స్ లెంగ్త్‌కు, అంటే కాలమ్ గరిష్ఠ పొడవుకు ఇచ్చారనుకోండి. ఒక ప్రాజెక్టు 6ను 8 చేసి మేక్‌మైగ్రేషన్స్ నడిపితే, జాంగో కొత్త మైగ్రేషన్ ఫైలును (డేటాబేసు నిర్మాణంలో చేయవలసిన మార్పును రాసి ఉంచే ఫైలు) మీ ప్యాకేజీ ఫోల్డరులో, అంటే ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలుండే సైట్ ప్యాకేజెస్ లోపల రాస్తుంది. సర్వరును కొత్తగా అమర్చి ప్యాకేజీని అందులో ఇన్‌స్టాల్ చేసిన రోజున ఆ ఫైలు ఉండదు, డేటాబేసులో మాత్రం అది అమలైనట్టు నమోదై ఉంటుంది. కాలమ్ పొడవును 10గా స్థిరపరచి, అసలు అంకెల లెక్కను కోడులో సరిచూసుకోండి. ఫీల్డు డిఫాల్టుకైతే విలువకు బదులు ఫంక్షన్ ఇవ్వండి; మైగ్రేషన్‌లో దాని పేరే పడుతుంది కనుక విలువ మారినా కొత్త ఫైలు పుట్టదు.

ఇక డిఫాల్టు మార్చవలసి వచ్చినప్పుడు, టైమ్ జోన్‌లను లెక్కలోకి తీసుకోవాలా అని చెప్పే యూజ్ టీజెడ్ సెట్టింగు విషయంలో జాంగో నడిచిన తీరు చూడండి. 2023 డిసెంబరులో వచ్చిన 5.0లో ఆ డిఫాల్టు ఫాల్స్ నుంచి ట్రూకు మారింది, కానీ 2021 నాటి 4.0 నుంచే, ఆ సెట్టింగును తమ ఫైలులో స్వయంగా రాసుకోని ప్రాజెక్టులకు మాత్రం హెచ్చరిక కనిపిస్తూ వచ్చింది. మీరు కూడా గడువును 300 నుంచి 120 సెకన్లకు తగ్గించదలిస్తే, ఒక వెర్షన్ ముందుగానే, గడువు ఇవ్వని ప్రాజెక్టులకు ఆ హెచ్చరిక వెళ్ళేలా చూడండి.