సగం ఎక్కడ పోయింది?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు మామూలుగా చదివాను. మూడోసారి పెన్సిల్ పట్టుకోవాల్సి వచ్చింది. 250 మిల్లీలీటర్ల కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో క్లోరైడ్ అయాన్ల గాఢత 0.4 మోలార్ (అంటే లీటరుకు 0.4 మోల్; మోల్ అంటే డజను లాగా కణాలను లెక్కపెట్టే కొలమానం) అన్నావు, కాబట్టి కరిగిన లవణం 11.1 గ్రాములని తేల్చేశావు. ఒళ్లు మండింది. అందులో సగమే ఉంటుందయ్యా!

పావు లీటరును 0.4తో గుణిస్తే 0.1 మోల్, నిజమే. కానీ అది క్లోరైడ్ లెక్క. ఈ లవణం కరిగితే ఒక్కో కాల్షియంకు రెండేసి క్లోరైడ్లు విడిపోతాయి. అంటే లవణం 0.05 మోలే. మోల్‌కు 111 గ్రాముల చొప్పున 5.55 గ్రాములు.

నీకు గుణకారం రాక కాదు. లవణం విడిపోవడాన్ని ఊహించుకోకుండానే ఫార్ములాలోకి దూకావు. నేను ఏళ్ల తరబడి మొత్తుకునేది ఇదే: ఏది ఎన్ని ముక్కలవుతుందో ముందు మాటల్లో రాయి. ఎడిటర్లు సరిగ్గా ఆ వాక్యాన్నే కొట్టేస్తారు, చోటు లేదట! ఇప్పుడొచ్చిన షార్ట్‌కట్ల వాళ్ల సంగతి సరేసరి.

నా మొదటి వ్యాసంలో సోడియం సల్ఫేట్ ఫార్ములాలో సోడియం పక్కన ఉండాల్సిన చిన్న 2 కంపోజింగ్‌లో ఎగిరిపోయింది. కింద లెక్కలో మాత్రం సగం చేసి ఉంది. ఆ సగం ఎక్కడిదని ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే, ఎడిటర్ గారు దాన్ని నాకు పంపి చేతులు దులుపుకున్నారు. సవరణ వేయలేదు. అప్పట్నుంచి "రెండు సోడియంలు, ఒక సల్ఫేట్" అని అక్షరాల్లో కూడా రాస్తాను. అక్షరాలు అంత తేలిగ్గా ఎగిరిపోవు.

ఇంకోటి. "250 మిల్లీలీటర్ల నీళ్లలో కలపాలి" అని రాశావు. అలా కాదు. గాఢత మొత్తం ద్రావణానికి లెక్క, పోసిన నీళ్లకు కాదు. కొంచెం నీళ్లలో కరిగించు, బీకరు వేడెక్కుతుంది, చల్లారాక ఫ్లాస్కులో పోసి గీత దాకా నింపు. సీసా మీద డైహైడ్రేట్ (ఒక్కో కాల్షియం క్లోరైడ్‌కు రెండేసి నీటి అణువులు అంటిపెట్టుకున్న రకం) అని ఉంటే 111 బదులు 147 వేసుకో, 7.35 గ్రాములు తూచాలి.

పళ్లెంలో పలుకులు నువ్వు చూస్తుండగానే చెమర్చాయన్నావే, అది కళ్లతో చూసి రాసిన వాక్యం. ఆ కళ్లు లెక్క దగ్గర మూసుకున్నావెందుకు?

కలం పేరు గురించి అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు ఆ పేరా తిరగరాసి పంపు.