విషాద కథలు చదవలేక మధ్యలో ఆపేస్తున్నవారికి

రాయగడ మిత్రులకు నమస్కారం. పాత విషాద కథలు వరుసగా రెండు మూడు చదివేసరికి మనసు బరువెక్కి పుస్తకం మూసేస్తున్నారనీ, ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి ‘రేవతి’ని కలరా ప్రవేశించిన చోటే వదిలేశారనీ రాశారు. 1898లో ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో వెలువడిన ఆ కథ ఒంటరిగా చదవదగినది కనుక, ఆ రోజుకు దాని పక్కన మరో కథ పెట్టుకోకండి.

ముగింపు ముందే తెలుసుకుని చదవడం మీకు మేలు చేస్తుందని నా అభిప్రాయం. (రసభంగమని కొందరు కోప్పడతారు, పడనివ్వండి.) తండ్రి, తల్లి, చదువు చెప్పే వాసుదేవుడు, చివరకు రేవతి, నాయనమ్మ అందరూ పోతారని తెలిశాక, ఎవరు మిగులుతారన్న ఆందోళన తగ్గి, ఆడపిల్లకు చదువెందుకన్న నాయనమ్మ మాట మొదట్లో సామాన్యమైన సణుగుడుగా వినిపించి, దుఃఖం ముదిరేకొద్దీ మనవరాలి మీద నిందగా ఎలా మారుతుందో గమనించగలుగుతారు. కథ అందమంతా నా దృష్టిలో అక్కడే ఉంది. మా పర్లాకిమిడిలో చాలామందిలాగా మీరూ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చినవారైతే మూలాన్నే చదవండి. ఆ ముసలమ్మ తిట్లకు అనువాదంలో పదును తగ్గుతుంది.

చావులు వరుసగా చూడలేకపోతే ముందు రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన బండివాడి కథ తీసుకోండి. కొడుకు మరణం కథకు ముందే జరిగిపోయి ఉంటుంది. వినేవారెవరూ దొరకక చివరకు తన గుర్రానికే చెప్పుకుంటాడు. చిన్న కథ, ఒక్క కూర్చోవడంలో పూర్తవుతుంది.