నామినీ మరిది అయితే డబ్బు ఎవరిది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది హనుమకొండ, హిందువులం. మావారు నాలుగు నెలల కిందట గుండెపోటుతో పోయారు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. వీలునామా రాయలేదు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. మామయ్య లేరు, అత్తయ్య మాతోనే ఉంటారు. పెళ్లికి ముందు వేసిన డిపాజిట్ ఇప్పుడు ఎనిమిది లక్షలైంది. దానికి నామినీ మా మరిది. ఇంకో బ్యాంకు ఖాతాలో మూడు లక్షలున్నాయి, దానికి నామినీ లేరు. ఆయన కొన్న 150 గజాల ప్లాటు కూడా ఉంది. "డిపాజిట్ నాది, ప్లాటు మీరుంచుకోండి" అంటున్నాడు మరిది. మావారి ఏటీఎం పిన్ నాకు తెలుసు. డబ్బు తీసుకోవచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ కార్డు బీరువాలో పెట్టేయండి. ఇంటి ఖర్చుకే తీసినా, రేపు ఎవరైనా లెక్క అడిగితే మాట మీ మీదకే వస్తుంది.

నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే. సొంతదారు కాదు. ఎల్‌ఐసీ పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది, షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీవారి సొంత ఆస్తికి వారసులు నలుగురు: మీరు, పాప, బాబు, అత్తయ్య. నలుగురివీ సమాన వాటాలు. మీరంతా ఉండగా మరిదికి వాటా లేదు.

అత్తయ్య పేరు చూసి ఆశ్చర్యపోయారేమో. చాలామంది మరిచిపోయేది తల్లినే. మా నాన్న పోయినప్పుడు మా అమ్మకూ ఎవరూ చెప్పలేదు. నానమ్మ సంతకం లేదని ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి నానమ్మే వచ్చి వేలిముద్ర వేసింది. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకుని, కాగితం మీద కొడుకు పేరు ఎక్కడుందో చూపించమని నన్నడిగింది. చూపిస్తే ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అందుకే చెబుతున్నాను, అత్తయ్యను ఒక సంతకంగా మాత్రమే చూడకండి. మరిదితో మాట్లాడాల్సిందీ ఆవిడే. ఆ ఎనిమిది లక్షల్లో రెండు లక్షలు ఆవిడవి, ఆరు లక్షలు మీవీ పిల్లలవీ.

అప్పటికీ వినకపోతే ఆలస్యం చేయవద్దు. కోర్టు ఉత్తర్వు లేనిదే బ్యాంకు నామినీకి చెల్లింపు ఆపదు. లాయరును కలిసి వారసత్వ ధ్రువపత్రానికి, అంటే సక్సెషన్ సర్టిఫికెట్‌కు, కేసు వేసి, తేలేదాకా డబ్బు ఇవ్వకుండా ఉత్తర్వు కోరండి. ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, కావాలని ఎవరైనా అంటే కంగారు పడకండి. అది వీలునామా ఉన్నప్పటి మాట.

మూడు లక్షల ఖాతాకు కోర్టు దాకా వెళ్లే పని పడకపోవచ్చు. వారసుల మధ్య గొడవ లేకపోతే, వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా సక్సెషన్ సర్టిఫికెట్ అడగకుండానే చెల్లించాలని ఆర్‌బీఐ 2025లో ఆదేశాలిచ్చింది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, హామీ పత్రం, అత్తయ్య అంగీకారం సిద్ధం చేసుకోండి. మరణ ధ్రువపత్రం ఒకేసారి పది కాపీలు తీసుకోండి, ప్రతిచోటా అడుగుతారు.

ప్లాటు జోలికి ఇప్పుడే వెళ్లకండి. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్ల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. "మీ వాటా వదులుకుంటున్నట్టు రాసివ్వండి" అని అత్తయ్యను ఈ దుఃఖంలో అడగవద్దు.

ఇక మీరు అడగని సంగతి ఒకటుంది. నాకైతే అన్నిటికంటే ముఖ్యం అదే. మీవారికి పీఎఫ్ ఉండి ఉంటే, పెళ్లికి ముందు అందులో రాసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోయింది. అక్కడా మరిది పేరే ఉందేమోనని భయపడకండి. పీఎఫ్ సొమ్ము కాక, మీకు నెలనెలా వితంతు పింఛను, ఇద్దరు పిల్లలకూ 25 ఏళ్లు నిండేదాకా పింఛను రావచ్చు. ఉద్యోగంలో ఉండగా పోయారు కనుక పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్‌ఐ బీమా కింద 7 లక్షల దాకా రావచ్చు. గ్రాట్యుటీకి కూడా, మనిషి పోయినప్పుడు, ఐదేళ్ల సర్వీసు నిబంధన అడ్డు రాదు. రేపు ఉదయమే కంపెనీకి ఫోన్ చేసి ఆయన యూఏఎన్ నంబరు, అంటే పీఎఫ్ గుర్తింపు సంఖ్య, రాసుకోండి.